అట్టముక్కల ఇల్లు

“బాగుంది,” అన్నాడు దర్జీ.

“కాగితం ఇంకా విప్పనేలేదండీ!” అని నవ్వాడు ఆర్కిటెక్టు.

దర్జీ భార్యకు ఒళ్ళు మండింది. “చూశారా బాబూ? నాలుగు ప్లాన్లకీ ఇదే మాట. ఈయన కంటే గోడ నయం. మీరు మాత్రం తొందరపడకండి. ఇన్నేళ్ళూ అద్దె ఇళ్ళలో ఉన్నాం, ఇంకొన్నాళ్ళు ఆగితే కొంపలేం మునగవు.”

ఆర్కిటెక్టు మళ్ళీ వచ్చినప్పుడు అట్టముక్కలతో చేసిన చిన్న ఇంటిని తెచ్చి బల్ల మీద పెట్టాడు. దానికి పైకప్పు లేదు.

దర్జీ చేతులు చాచాడు. అతని వేళ్ళు గుమ్మంలోంచి లోపలికి దూరి, గోడలు తడుముకుంటూ గది గదీ తిరిగాయి.

“వంటగది ఇరుకు. ఈవిడ మసలలేదు. మిషను గదికి ఈ కిటికీ చాలదు, వెలుతురు కావాలి.”

“హమ్మయ్య, నోరు విప్పారు!” అంటూ ఆవిడ అతని ముఖంలోకి చూసింది. అతని చూపు ఇంటి మీద లేదు. ఎదురుగా ఉన్న ఖాళీ గోడ మీద ఉంది.

ఆర్నెల్లుగా సూదిలో దారం ఆవిడచేతే ఎక్కించుకుంటున్నాడు. బద్ధకమని రోజూ తిడుతూనే ఎక్కించింది.

“ఎన్నాళ్ళనుంచండీ?” అంది.

“వెలుతురు ఇంకా తెలుస్తోందిలే. ఏడాది దాకా ఫర్వాలేదన్నాడు డాక్టరు. ఆపైన తన చేతుల్లో ఏమీ లేదట.”

ఆవిడ ఆర్కిటెక్టు వైపు తిరిగింది. “ఇల్లు ఎప్పటికవుతుంది బాబూ?”

“ఎంత తొందరపడ్డా ఏడాదిన్నర అమ్మా.”

“అయితే ముందు ఆ కిటికీ పెట్టెయ్యండి,” అందావిడ. “గోడలు తర్వాత కట్టుకోవచ్చు.”