ఆగు, చూసి చెప్తా

"అక్కా, నాలుగో నంబరు తాతగారి మంచానికి రెయిలింగు ఎత్తానా, మర్చిపోయానా?"

భుజాన సంచీ కూడా దించకుండా గుమ్మంలోనే నిలబడి ఫోన్‌లో అడుగుతోంది చిన్న సిస్టర్. ఆ తాతగారికి తుంటి ఆపరేషన్ అయింది. ఆ సంగతి మర్చిపోయి ఆయన ఊరికే మంచం దిగబోతుంటాడు. పక్కన రెయిలింగు లేకపోతే నేరుగా నేల మీదే పడతాడు.

"ఆగు, చూసి చెప్తా," అంది అవతల పెద్దక్క.

టపటపమంటూ చెప్పుల చప్పుడు దూరమైంది. ఎక్కడో తలుపు కిర్రుమంది. సన్నగా ఒక ఈల వినిపించింది. మళ్ళీ టపటప.

"ఎత్తే ఉందే, పిచ్చిమొద్దూ! ఆయన గుర్రు పెట్టి నిద్రపోతున్నాడు. వెళ్ళి తిను."

"ఆ ఈల ఏంటక్కా?"

"ఆపరేషన్ సామాన్లు ఆవిరికి పెట్టారులే. ఇంక పెట్టెయ్."

చిన్న సిస్టర్ అప్పుడు ఊపిరి పీల్చుకుని బూట్లు విప్పింది. వార్డులో తెల్లబూట్లు లేకుండా అడుగు పెట్టనివ్వరు. పెద్దక్క మాత్రం దర్జాగా చెప్పులేసుకుని తిరుగుతుంది. సాయంత్రం సూపర్‌వైజర్ కదా, ఆవిడని అడిగే నాథుడెవరు? ఉదయం వాళ్ళు దిగిపోయాక గానీ ఆవిడ డ్యూటీ మొదలవదు. అందుకే ఉదయం నర్సులకి ఆవిడ గొంతు తప్ప మనిషి కనిపించదు.

"పెద్దక్కతో మాట్లాడందే నీకు ముద్ద దిగదు కదూ," అంది అత్తగారు కంచం పెడుతూ.

"నిన్న మన వీధి తలుపు బార్లా తెరిచి పోయిందమ్మా. దానికి మాత్రం ఎవరికీ ఫోన్ చెయ్యలేదు," అన్నాడు మొగుడు.

మర్నాడు ఆస్పత్రి పెద్దలకి నర్సుల మీద ఉన్నట్టుండి ప్రేమ పుట్టుకొచ్చింది. ఉదయం డ్యూటీ వాళ్ళకి ఒత్తిడి తగ్గించే తరగతి పెట్టారు, అదీ సరిగ్గా భోజనాల వేళకి. రానివాళ్ళకి మెమో ఇస్తామన్నారు.

టై కట్టుకున్న నిపుణుడు కళ్ళు మూసుకుని గాలి పీల్చమన్నాడు. మూసుకున్న వాళ్ళలో సగంమంది అక్కడే నిద్రపోయారు. ఆయన బల్ల కొట్టి లేపి, "ఇంటికెళ్ళాక దిగులేస్తే ఏం చేస్తారు?" అని అడిగాడు.

"పెద్దక్కకి ఫోన్ చేస్తానండీ," అంది చిన్న సిస్టర్.

"అరె, నేనూ అంతే!" అంది వెనక నుంచి ఒకామె. "ఆక్సిజన్ మీటరు చూసి చెప్తుంది నాకు."

"నాకు మందుల బీరువా తాళం!"

గదిలో నర్సులంతా ఒకరి ముఖాలొకరు చూసుకున్నారు. పెద్దక్క తన ఒక్కదాని గోడే వింటోందని ఎవరికి వాళ్ళు అనుకుంటూ వచ్చారు మరి.

"ఇది అలవాటు కాదు, వ్యసనం," అన్నాడు నిపుణుడు. "మీ అందరి బరువూ ఒక్క మనిషి నెత్తిన పడేస్తే ఆవిడేమైపోవాలి? ఇవాళ్టి నుంచి ఒక్కరు కూడా ఫోన్ చెయ్యకండి."

అందరికీ సిగ్గేసింది. చెయ్యబోమని మాటిచ్చారు.

ఆ సాయంత్రం చిన్న సిస్టర్ ముద్ద కలిపింది, వదిలేసింది. తాతగారికి మంచినీళ్ళివ్వడానికి రెయిలింగు దించింది. అది గుర్తుంది. మళ్ళీ ఎత్తిందా? ఎంత ఆలోచించినా గుర్తు రాలేదు. ఆయన పడితే రెండో తుంటి కూడా పోతుంది, అందుకు కారణం తనే అవుతుంది.

"ఫోన్ చేసెయ్యరాదుటే," అంది అత్తగారు చూడలేక.

"మాటిచ్చానత్తయ్యా."

"ఫోన్ చెయ్యనని ఇచ్చావు. వెళ్ళనని ఇవ్వలేదుగా?"

చెయ్యి కడుక్కుని బస్సెక్కింది. వార్డులోకి పరుగెత్తుకొచ్చి చూస్తే నాలుగో నంబరు రెయిలింగు ఎత్తే ఉంది. తాతగారు కిటికీలోంచి వాన చూస్తున్నాడు. చిన్న సిస్టర్ ఆ రెయిలింగు పట్టుకుని భోరుమంది.

"నువ్వు దించేసే పోయావు తల్లీ," అంది సాయంత్రం సిస్టర్, ఆమె వీపు నిమురుతూ. "డ్యూటీ ఎక్కగానే అన్ని మంచాలూ చూసుకుంటాం కదా, నేనే ఎత్తాను. రోజూ చేసేదే."

"రోజూ పెద్దక్కే చూస్తుందనుకున్నాను. ఏ అంతస్తులో ఉంది? ఒక్కసారి కళ్ళారా చూసిపోతాను."

సాయంత్రం సిస్టర్ అటూ ఇటూ చూసి, ఆమెని దుప్పట్ల గదిలోకి లాగి తలుపేసింది.

"ఇవాళ మీరెవరూ ఫోన్ చెయ్యలేదటగా? ఉదయం పిల్లలకేమైందో చూడమని పెద్దక్క పొద్దువాలినప్పటి నుంచీ నా ప్రాణం తోడేస్తోంది, ఫోన్ మీద ఫోన్."

"నీకు ఫోన్ చెయ్యడమేంటి? ఇక్కడే ఉంటుందిగా!"

"మీకు చెప్పొద్దని మా అందరిచేతా ఒట్టేయించుకుంది."

"ఏం చెప్పొద్దని?"

"ఆందోళన జబ్బుతో పెద్దక్క వేసవి నుంచీ సెలవు పెట్టి ఇంట్లోనే ఉంది."