చలిగది తలుపు

చాంగ్‌తాంగ్ పీఠభూమిని చలి వదిలి వెళ్ళిపోయాక, పష్మీనా మేకలున్న ప్రతి ఇంటికీ ఒక చలిగది వచ్చింది. గడ్డకట్టే చలిలో ఉంటే తప్ప ఆ మేకల ఒంటిమీద మెత్తటి ఉన్ని పుట్టదు.

ఆ ఉదయం రిగ్జిన్ గడ్డిమోపుతో వచ్చేసరికి చలిగది తలుపు బార్లా తెరిచి ఉంది. గదిని చల్లబరిచే యంత్రం రొద పెడుతోంది. మేకలన్నీ బయట దుమ్ములో నిలబడి రొప్పుతున్నాయి. గడప మీద ఆమె నాయనమ్మ యాంగ్‌డోల్ కూర్చుని ఉంది.

"తలుపెందుకు తీశావు అబీ? ఉన్ని ఊడిపోతే ఈ ఏడు ఏం తింటాం?"

"ఏరు గడ్డకట్టొద్దా మరి? చలంతా మనమే లోపల పెట్టుకుని కూర్చుంటే దానికెలా అందుతుంది? మందని అవతలి మేతకి తోలాలి కదే."

తిట్టాలనే నోరు తెరిచింది రిగ్జిన్. అంతలో గడపకి ఆనుకుని, యంత్రం నుంచి కారిన నీళ్ళు చాటంత మేర గడ్డకట్టి కనిపించాయి. ముసలామె ఒక గులకరాయి తీసి ఆమె చేతిలో పెట్టింది. పూర్వం చలికాలంలో ఏరు దాటేముందు పెద్దవాళ్ళు మంచు మీద రాయి విసిరి, ఆ చప్పుడు విని, అది మంద బరువుకు ఆగుతుందో లేదో చెప్పేవాళ్ళు.

రిగ్జిన్ గడప దగ్గరి ఆ మంచు మీదికి రాయి విసిరింది. యాంగ్‌డోల్ కళ్ళు మూసుకుని, చప్పుడు ఆగిపోయాక కూడా చాలాసేపు విన్నది.

"పలచగా ఉందే. పిల్లమేకలున్నాయి, వద్దు," అంది లేస్తూ. "లోపలికి తోలు. ఈ ఏడు దాటలేం."