గొర్రెల వాటా

వాన, వాగు, బోరు నీళ్లన్నీ ఒకే చట్టం కిందికి వచ్చాక, పెన్న ఒడ్డున పశువుల తొట్లకూ మూతలు బిగించారు. గొర్రె చెవికున్న బిళ్లను గుర్తుపట్టి మూత దానంతటదే తెరుచుకునేది. ఒక మధ్యాహ్నం గొర్రెల కాపరి సుంకమ్మ మంద వగరుస్తూ వస్తే తెరుచుకోలేదు.

"ఈ వారం మీ వాటా అయిపోయింది," అంది తొట్టి.

"వాటాలు తేల్చిన నదీసభలో గొర్రెలోళ్లు ఎవురుండారు?"

"కాపరులకు సభ్యత్వం లేదు."

"అట్లయితే ఆ లెక్కకు నా ఒప్పుదల లేదు."

సుంకమ్మ తొట్టి పక్కన పడున్న గడ్డపారతో మూత పెకలించింది. మంద కడుపునిండా తాగింది.

సాయంత్రం నీటి అధికారి వచ్చేదాకా ఆమె అక్కడే కూర్చుంది.

"నదీసభకు వచ్చి సంజాయిషీ చెప్పుకోవాలమ్మా."

"వస్తా సార్. సంజాయిషీకి కాదు, మావోళ్లకు ఆడ కుర్చీ అడిగేదానికి. అంతవరకూ ఈ మూత మళ్లీ బిగించనీను."