తూలని అడుగు

గడపలే మనుషుల్ని ఆనవాలు పట్టే రోజులొచ్చాక తాళంచెవులు పిల్లల ఆటవస్తువులయ్యాయి. అడుగు మోపితే చాలు, అది ఎవరిదో గడప చెప్పేసేది. సారా మాన్పించే ఆస్పత్రిలో ఏడాది ఉండి వచ్చిన పైడినాయుణ్ణి మాత్రం అతని సొంత గడపే ఎరగనంది. సారా వదిలి బెల్లం పట్టిన నాయుడు ఇరవై కిలోలు పెరిగాడు మరి.

"నా కొత్తడుగు దానికి నేర్పవే," అని భార్య నీలవేణిని బతిమాలాడు.

"నాను నేర్పను," అంది ఆమె లోపలినుంచి.

"మళ్లీ నాలుగు చుక్కలేసుకోరా, నెల్లాళ్లలో సిక్కిపోతావు. తలుపదే తెరుసుకుంటాది," అన్నాడు పాత సారా నేస్తం.

నాయుడు వినలేదు. చెల్లెలింట్లో తలదాచుకుని రోజూ ఆరు మైళ్లు నడిచాడు. వెంటపడిన ఊరకుక్కలు కూడా చిక్కి సగమయ్యాయంటారు.

ఎనిమిదో నెలలో వచ్చి గడపమీద కాలు మోపాడు. అది చాలాసేపు ఆలోచించింది.

"బరువు నాయుడిదే. కానీ ఈ అడుగు తూలడం లేదు. ఈయన నాయుడు కాదు."

నాయుడు తల వంచుకుని వెనుదిరిగాడు. వెనకాల గడియ చప్పుడైంది. నీలవేణి తన చేత్తోనే తలుపు తీసి నిలబడింది.

"దాని నోట ఆ మాట కోసమే ఇన్నాళ్లూ కాసుకున్నాను. లోపలికి రా, మావా."