నిద్రపోతోంది, లేపలేదు

"నిద్రలో ఉన్నా లేపి చూడాలి కదా. ఎందుకు లేపలేదు?"

అడిగింది మార్వా హల్బర్ట్. కౌంటీ పిల్లల సంరక్షణ ఆఫీసులో నెలకోసారి ఆమె ముందు చనిపోయిన పిల్లల ఫైళ్ళు తెరుస్తారు. ఎవరి మీదా తప్పు మోపడానికి కూర్చోలేదని ముందే చెప్పింది. అయినా ఆ సమావేశానికి వచ్చిన పోలీసాయన తెచ్చిన డోనట్ల పెట్టె ఎవరూ ముట్టుకోలేదు.

ఆ ఆఫీసు తరఫున ఇళ్ళకి వెళ్ళి పిల్లల్ని చూసొచ్చే రోండా, ఫైల్లోని తన చేతిరాత వంకే చూస్తోంది. 'పాప నిద్రపోతోంది. లేపలేదు.' ఐదు నెలల పాప. రోండా ఆ ఇంటికి తనిఖీకి వెళ్ళింది ఉదయం పదింటికి. తల్లి అంబులెన్సుకి ఫోన్ చేసింది పదకొండున్నరకి. ఆ గంటన్నర మూడు వారాలుగా రోండా గుండెల మీద కూర్చుని ఉంది. లేపి ఉంటే. ఒక్కసారి ఎత్తుకుని ఉంటే.

ఇంట్లో తన కొడుకు పడుకుంటే ముక్కు కింద వేలు పెట్టి చూసుకునే మనిషి. "ఇంకా బతికే ఉన్నాడా మనవాడు?" అని మొగుడు ఎగతాళి చేస్తుంటాడు కూడా.

ఏం జరిగిందో మెల్లగా చెప్పింది. తల్లి గుమ్మంలోనే పెదాల మీద వేలు పెట్టిందట. రాత్రంతా ఒకటే ఏడుపు, ఎప్పటికో పడుకుంది, చప్పుడు చేయకండి అందట. రోండా మంచు అంటిన బూట్లు విప్పి చేత్తో పట్టుకుని లోపలికి నడిచింది. ఏడ్చి ఏడ్చి పడుకున్న బిడ్డని లేపడానికి ఏ తల్లికైనా చేతులెలా వస్తాయి?

"దగ్గరికి వెళ్ళావా?" అన్నాడు ముసలి డాక్టర్ ఓకీఫ్. ఆ ఉదయమే వచ్చిన శవపరీక్ష కాగితం ఆయన చేతిలో ఉంది. ఇంకా ఎవరికీ చూపించలేదు.

"వెళ్ళాను. దుప్పటి జారిపోయి ఉంది. హీటరు సరిగా పనిచేయడం లేదు, కాళ్ళు చల్లగా తగిలాయి. మెడ దాకా కప్పి వచ్చాను."

డాక్టర్ కళ్ళజోడు తీశాడు. తుడవలేదు, ఊరికే పట్టుకున్నాడు.

"ఒక్కటి చెప్పండి డాక్టర్," అంది రోండా. "నేను లేపి ఉంటే బతికేదా?"

పోలీసాయన కిటికీ వైపు తిరిగాడు.

"నువ్వు లేపినా లేచేది కాదమ్మా," అన్నాడు డాక్టర్. "తెల్లవారుజామున నాలుగింటికే పోయింది."