నవుతు దీవి స్పేర్ లైను

తెరమీద నవుతు దీవి ఎర్రబడగానే నేతనీ లేచి సంచీ భుజాన వేసుకున్నాడు. తలుపు దాకా వెళ్ళేసరికి దీవి మళ్ళీ పచ్చబడింది.

"కూర్చో నాన్నా, అయిపోయింది," అంది వీలీమైనా నవ్వుతూ. రాజధాని సువాలోని ఆ టెలిఫోన్ కంట్రోల్ రూములో పగటి డ్యూటీ ఆమెది. దీవుల్లో టవర్లెక్కి మరమ్మతు చేసే పని తండ్రిది.

"ఏమైందట?"

"గాలికి సిగ్నల్ తగ్గింది. సాఫ్ట్‌వేరే కనిపెట్టి, కాల్స్ వేరే దారికి మళ్ళించి, టవరు దగ్గరి సిగ్నల్ పెట్టెను ఆపి మళ్ళీ లేపింది. పదకొండు సెకన్లు! నువ్వు చెప్పులేసుకోవడానికే అంతకన్నా ఎక్కువ పడుతుంది."

గదిలో అందరూ నవ్వారు. నేతనీ కూడా నవ్వి కూర్చున్నాడు. ఒకప్పుడు టవర్లకొక తెర, కేబుళ్ళకొకటి, కరెంటుకింకొకటి ఉండేవి. ఏది ఎందుకు ఆగిందో తేలాలంటే మనిషి పడవెక్కాల్సిందే. ఈ కొత్త సాఫ్ట్‌వేర్ అన్నిటినీ ఒకే తెరమీదికి తెచ్చింది. రోగం తనే కనుక్కుంటుంది, మందూ తనే వేస్తుంది. మంచిదే, జనానికి ఫోన్లు ఆగడం లేదు. నేతనీ మాత్రం నవుతు ఒడ్డున కాలుపెట్టి నాలుగు నెలలైంది.

సంచీ దించుతుంటే అందులోంచి కళ్ళజోడు పెట్టె జారిపడింది. వీలీమైనా తీసింది.

"ఇవి నీవి కావే! ఎవరికి?"

"నవుతు టవరు స్టేషను తాళంచెవి ఉంచుకుంటుందే, అకోసిత, ఆవిడకి. సూదిలో దారం ఎక్కడం లేదంది."

"ఎప్పుడు కొన్నావు?"

"నాలుగు నెలలైంది."

"సరుకుల పడవలో పంపిస్తే రెండు రోజుల్లో అందేవిగా?"

నేతనీ భార్య పోయి ఆరేళ్ళు. ఈ పిల్ల రోజూ పొద్దున్నే తల్లి ఫొటో తుడవందే గడప దాటదు. అకోసిత ఇంటి ముందు చాప మీద కూర్చుని, ఆవిడ వడ్డించిన కొబ్బరిపాల చేపల పులుసు తింటుంటే పొద్దెలా వాలిపోయేదో ఈ పిల్లకి ఏ నోటితో చెప్పడం?

వీలీమైనా కళ్ళజోడు పెట్టెను సంచీలో పెట్టి జిప్పు లాగింది. "భోంచేసి రా నాన్నా."

అతను క్యాంటీన్‌లో ఉడికించిన కర్రపెండలం, డబ్బా చేప తిని వచ్చేసరికి నవుతు మళ్ళీ ఎర్రగా ఉంది. ఈసారి లేవలేదు. పచ్చబడుతుందని చూస్తూ కూర్చున్నాడు. పావుగంట గడిచింది. పచ్చబడలేదు.

"దీనికి మందు వేయదా మీ సాఫ్ట్‌వేరు?"

"వేయనంటోంది," అంది కూతురు తెరమీంచి చూపు తిప్పకుండా. "అసలు లైను బాగానే ఉంది, ఫోన్లు నడుస్తున్నాయి. స్పేర్ లైను పడిపోయింది. ఎవరో ఒకరు వెళ్ళాల్సిందే. రేపు పొద్దున పడవ ఉంది."

నేతనీ తన ముఖం కనపడకుండా చెప్పుల కోసం వంగాడు.

మర్నాడు నవుతులో దిగి, ఆనవాయితీ ప్రకారం యంగోనా వేళ్ళకట్ట ఊరిపెద్ద ముందు పెట్టాడు. చప్పట్లు కొట్టి, ఆ వేళ్ళు దంచి నీళ్ళలో కలిపిన పానీయం కొబ్బరిచిప్పెడు తాగాడు.

"నువ్వు రావడం మానేశాక మా టవరుకి జబ్బే చెయ్యడం లేదయ్యా," అన్నాడు పెద్దాయన. "ఇన్నాళ్ళూ జబ్బు నువ్వేనేమో!" చాపల మీదున్న వాళ్ళంతా పడీపడీ నవ్వారు.

స్టేషను గేటు దగ్గర అకోసిత తాళంచెవితో నిలబడి ఉంది.

"నాలుగు నెలలు! దారి మరిచిపోయావనుకున్నా."

"దారి కాదు, పని లేకపోయింది."

"అంటే పనుంటేనే వస్తావన్నమాట."

అతను కళ్ళజోడు ఇచ్చాడు. ఆమె పెట్టుకుని అతణ్ణి ఎగాదిగా చూసింది. "అయ్యో, ఇంత ముసలాడివా నువ్వు!"

లోపల తీగలన్నీ బిగుతుగానే ఉన్నాయి. కరెంటుంది. పెట్టె వెచ్చగా ఉంది. చెడిపోయింది ఒక్కటీ లేదు. నేతనీ నెమ్మదిగా ఆమెవైపు తిరిగాడు.

"నిజం చెప్పు. నువ్వేమైనా పీకావా?"

"పీకుదామని ఎన్నిసార్లు తాళం తీశానో!" అంది అకోసిత తల వంచుకుని. "ఏ తీగ లాగితే ఎవరి మాట మధ్యలో ఆగిపోతుందోనని భయమేసి మళ్ళీ వేసేసేదాన్ని."

అతను సంచీలోంచి తీసిన లాప్‌టాప్ తీగను పెట్టెకు తగిలించాడు. తనంతట తాను ఆగిన లైనునైతే సాఫ్ట్‌వేర్ లేపుతుంది. మనిషి కావాలని ఆపితే మాత్రం దాన్ని ముట్టుకోదు, ఆపినవారి పేరు రాసిపెట్టుకుని ఊరుకుంటుంది. నేతనీ ఆ నమోదు తెరిచి చదివాడు.

"ఆపినవారు: వీలీమైనా నేతనీ. కారణం: మనిషి వెళ్ళి చూసి రావాలి. తొందర లేదు."