తలుపు తియ్యమ్మా

గేటు దూకిన చప్పుడు వినగానే అమ్మాయి చేతిలోని బట్ట జారిపోయింది.

"అతనే," అంది.

వార్డెన్ గబగబా వెళ్లి కుట్టుగది తలుపు గడియపెట్టి, దానికి వీపు ఆనించి నిలబడింది. చర్చివాళ్లు యువతీయువకుల కోసం నడిపే ఆ కేంద్రంలో ఆమెను అందరూ పెద్దమ్మ అంటారు. ఆ మధ్యాహ్నం మిగతా పిల్లలంతా ఆటల పోటీలకు వెళ్లారు. మణికట్టుకి కట్టు ఉండడంతో ఈ అమ్మాయి ఒక్కతే ఆగిపోయింది.

ఆ చెయ్యి విరిచింది పెళ్లి చేసుకుంటానన్నవాడే. నాకు నువ్వు తప్ప ఎవరూ లేరంటూ వెంట తిరిగాడట. ఆమె వద్దన్నాక కొట్టడం మొదలుపెట్టాడట. నిన్న సాయంత్రం ఇక్కడికొచ్చి ఆమె ఇదంతా చెబుతుంటే, పెద్దమ్మ అతని పేరొక్కటే అడిగింది. తర్వాత ఇంకేమీ అడగలేదు.

అడుగులు తలుపు దాకా వచ్చి ఆగాయి.

"తలుపు తియ్యమ్మా. ఒక్క మాట మాట్లాడి వెళ్లిపోతాను."

"లోపల ఎవరున్నదీ నేను చెప్పను. వెళ్లిపో నాయనా."

బతిమాలాడు. తప్పయిపోయిందన్నాడు. ఏడ్చాడు. ఆ ఏడుపు వింటూ పెద్దమ్మ కళ్లు మూసుకుంది. ఆమె పెదాలు కదులుతున్నది ప్రార్థనకో భయానికో అమ్మాయికి తెలియలేదు. ఆమె చెయ్యి గడియ మీదికి వెళ్లడం మాత్రం చూసింది. తీసేస్తుందనుకుంది. ఆ చెయ్యి గడియను బిగించి పట్టుకుని అక్కడే ఉండిపోయింది.

తర్వాత తన్నులు మొదలయ్యాయి. తలుపు అదిరినప్పుడల్లా పెద్దమ్మ ఒళ్లు అదిరింది. ఇద్దర్నీ బతకనివ్వనని అరిచాడు. అమ్మాయి బల్ల కింద దూరి చెవులు మూసుకుంది. ఎప్పటికో బండి స్టార్టయిన చప్పుడు వినిపించి, దూరమైపోయింది.

"మళ్లీ వస్తాడు పెద్దమ్మా. నేను ఇంకెక్కడికైనా పోతాను. నా వల్ల మీక్కూడా ప్రాణభయం ఎందుకు?"

"నువ్వెక్కడికీ పోనక్కర్లేదు," అంటూ పెద్దమ్మ ఫోను తీసుకుంది. నంబరు తప్పు నొక్కి, మళ్లీ నొక్కింది. పోలీసులకు జరిగినదంతా చెప్పింది. అతని పేరు, ఉండే వీధి, బండి నంబరు చెప్పింది. పారిపోతే ఏ స్నేహితుడింట్లో దాక్కుంటాడో కూడా చెప్పింది. పేరు తప్ప ఇవేవీ తను చెప్పలేదే అని అమ్మాయి తెల్లబోయి చూసింది.

ఇన్ని వివరాలు మీకెలా తెలుసని అటునుంచి అడిగారు. పెద్దమ్మ గడియపెట్టిన తలుపు వైపు చూసింది.

"మా అబ్బాయేనండి," అంది.